ప్యూర్టో వయార్టాలో ఐదు రోజులు: అత్తయ్యగారి మోకాళ్ళు, మామయ్యగారి కాళ్ళు

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. అమలాపురం నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు బి-2 వీసా మీద వచ్చారు. అందరం కలిసి ఐదు రోజులు మెక్సికోలోని ప్యూర్టో వయార్టా వెళ్దామనుకుంటున్నాం. తిండీ తిప్పలూ అన్నీ కలిపిన రిసార్టు తీసుకుంటే గొడవుండదంటారు మావారు. "సముద్రం చూడ్డానికి అంత దూరం ఎందుకమ్మా, మన ఓడలరేవు లేదూ?" అంటారు మామయ్యగారు. ఆయన ఒకచోట కూర్చునే మనిషి కాదు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, గుడ్డు కూడా ముట్టరు. బాబుకి నాలుగేళ్ళు, ఇంకా బడి లేదు కాబట్టి థాంక్స్‌గివింగ్ వారమైనా, డిసెంబరు రెండో వారమైనా మాకు ఒకటే. హిడెన్ బీచ్ చూడకపోతే వెళ్ళడమే దండగంటున్నారు స్నేహితులు. అక్కడ ఏం చూడాలి, ఏం వదిలేయాలి? అన్నట్టు మావారి హెచ్‌-1బి స్టాంపు ఈమధ్యే అయిపోయింది, ఐ-797 కాగితం మాత్రం ఉంది. నాది నా సొంత హెచ్‌-1బి, స్టాంపు ఇంకా రెండేళ్ళుంది.

జవాబు: "అన్నట్టు" అంటూ చివర్లో రాశారే, ముందు దాని సంగతి తేల్చుకోండి. లేకపోతే మీరంతా విమానం ఎక్కుతారు, మీవారు డాలస్ ఎయిర్‌పోర్టులో చెయ్యి ఊపుతుంటారు.

మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళ దగ్గర చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. మీకూ, అత్తయ్యగారికీ మామయ్యగారికీ ఆ లెక్కన ఇబ్బంది లేదు. బాబు అమెరికాలోనే పుట్టి ఉంటే అమెరికా పాస్‌పోర్టు చాలు, కానీ విమానంలో వెళ్తున్నారు కాబట్టి పసివాడికైనా పాస్‌పోర్టు ఉండి తీరాలి. మీవారి విషయం వేరు. ఐ-797 అనేది అమెరికాలో ఉండనిచ్చే కాగితం, మెక్సికో వాళ్ళకి అది వీసా కాదు. పాస్‌పోర్టులో స్టాంపు అయిపోయింది కాబట్టి ఆయన డాలస్‌లోని మెక్సికో కాన్సులేట్‌లో వీసాకి దరఖాస్తు పెట్టుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు స్టాంపు లేకపోయినా, ముప్పై రోజుల్లోపు వచ్చేస్తే, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుబాటులో ఉంటే రానిచ్చే నిబంధన అమెరికాకి ఉంది. దానికీ మినహాయింపులున్నాయి. టికెట్లు కొనే ముందే ఆఫీసు లాయరుకి ఒక మెయిల్ పెట్టించండి. "మా ఫ్రెండు వెళ్ళొచ్చాడు" అనే సలహా మీద మాత్రం వెళ్ళకండి.

పెద్దవాళ్ళ విషయంలో ఇంకో మాట. మెక్సికో వెళ్ళొస్తే బి-2 మీద మళ్ళీ ఆరు నెలలు కొత్తగా ఇస్తారని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. ఎంత ఇవ్వాలన్నది ఆఫీసరు ఇష్టం, పాత గడువులో మిగిలిందే ఇచ్చి పంపొచ్చు. దాన్ని లెక్కలో పెట్టుకుని ఇండియా టికెట్లు మార్చుకోవద్దు. వాళ్ళకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సు మెక్సికోలో పనిచేస్తుందో లేదో కూడా చూడండి. అమెరికా విదేశాంగశాఖ మెక్సికో గురించి ఒక్కో రాష్ట్రానికీ విడివిడిగా హెచ్చరికలు పెడుతుంది. ఈ ఊరు హలిస్కో రాష్ట్రంలోది. బుక్ చేసే ముందొకసారి, బయల్దేరే ముందొకసారి ఆ పేజీ చదవండి.

ఇక తేదీలు. నన్నడిగితే డిసెంబరు 7 నుంచి 11 దాకా. తిమింగలాలు చూపించే పడవలకి అక్కడ ప్రభుత్వం పెట్టిన సీజను డిసెంబరు 8న మొదలై మార్చి 23న ముగుస్తుంది. తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చే కాలం డిసెంబరుతో చివరికొస్తుంది. డిసెంబరు 1 నుంచి 12 దాకా ఊళ్ళో గ్వాదలూపే మాత, అంటే మేరీమాత ఉత్సవాలు. ఈ మూడూ ఒకేసారి దొరికేది ఆ వారంలోనే. థాంక్స్‌గివింగ్‌కి వెళ్తే తాబేళ్ళు ఒక్కటే దక్కుతాయి, పైగా సగం టెక్సాస్ అక్కడే ఉంటుంది. చలికాలంలో డాలస్‌కీ ఆ ఊరికీ గడియారం ఒకటే, బాబు నిద్రవేళలు కూడా చెడవు.

రిసార్టు దగ్గర మీవారితో నాకు పేచీ ఉంది. ప్యూర్టో వయార్టా అని అమ్మే పెద్ద రిసార్టుల్లో చాలామటుకు ఆ ఊళ్ళో ఉండవు. పక్క రాష్ట్రం నయారిత్‌లో, నువో వయార్టా అనే చోట ఉంటాయి. అక్కణ్ణుంచి ఊళ్ళోకి రావాలంటే ట్రాఫిక్‌ని బట్టి అరగంట నుంచి గంట. మొదటి రోజు ఈతకొలను, రెండో రోజు ఈతకొలను, మూడో రోజుకి మామయ్యగారు గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయితో కబుర్లు పెట్టుకుంటారు. డబ్బు ముందే కట్టేశాం కదా అని బయట తినడానికి మీవారికి చెయ్యి రాదు. క్వాలే నదికి దక్షిణాన, పాత ఊళ్ళో, సముద్రానికి రెండు మూడు వీధుల్లోపు వంటిల్లున్న అపార్ట్‌మెంటు తీసుకోండి. ఒక్క జాగ్రత్త: ఆ ఊరు కొండని ఆనుకుని కట్టింది. "అద్భుతమైన వ్యూ" అని రాశారంటే వంద మెట్లున్నాయని అర్థం. బుక్ చేసే ముందు మెట్లెన్ని, లిఫ్టు ఉందా అని రాసి అడగండి. వీధులకి గుండ్రాళ్ళు పరిచి ఉంటాయి. అత్తయ్యగారికి చెప్పులు కాదు, బూట్లు కొనండి.

అత్తయ్యగారి కోసమే కట్టారా అనిపించే చోటొకటి ఉంది: మలెకోన్. సముద్రం పక్కనే మైలు పొడవున నడకదారి, బండ్లు రావు, ఎత్తుపల్లాలు లేవు, అడుగడుగునా కూర్చోడానికి బల్లలు. పొద్దు గుంకేది ఆరుంబావు ప్రాంతంలో. అయిదింటికల్లా వెళ్ళి కూర్చోండి. దారంతా కంచు శిల్పాలు. వాటిల్లో సముద్రగుర్రం మీద కూర్చున్న పిల్లాడి బొమ్మ ఆ ఊరికి గుర్తు. నాకు నచ్చేది మాత్రం సెర్హియో బుస్తమాంతే చేసిన నిచ్చెన. ఆకాశంలోకి పోయే నిచ్చెన మీద ముక్కోణపు తలల పిల్లలిద్దరు ఎక్కిపోతుంటారు, కింద తల్లి చేతులు పైకెత్తి వాళ్ళని పిలుస్తుంటుంది. మీవాడు ఆ నిచ్చెన ఎక్కుతానంటాడు, అక్కడి పిల్లలందరూ ఎక్కుతారు, రెండు మెట్ల దాకా ఎక్కనివ్వండి. దగ్గర్లోనే పొడవాటి స్తంభం మీద నుంచి నలుగురు మనుషులు తాళ్ళకి తలకిందులుగా వేలాడుతూ గిరగిరా తిరిగి కిందికి దిగుతారు. స్తంభం కొసన అయిదోవాడు పిల్లనగ్రోవి ఊదుతూ చిన్న డప్పు కొడుతుంటాడు. ఇది వెరాక్రూజ్ ప్రాంతపు పాత పూజావిధి. ఒక్కొక్కరు పదమూడు చుట్లు, నలుగురివీ కలిపితే యాభై రెండు, వాళ్ళ పాత పంచాంగంలో ఒక ఆవర్తానికి అన్నేళ్ళు. 2009లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. చివర్లో టోపీ పట్టుకుని వస్తారు, చిల్లర పెసోలు జేబులో ఉంచుకోండి.

మామయ్యగారిని అక్కడికి తీసుకెళ్ళాల్సిన అసలు కారణం వేరే ఉంది. మలెకోన్ మీద భుజాన పెద్ద సొరకాయ బుర్ర మోసుకుంటూ ఒకాయన కనిపిస్తాడు. బుర్ర మూతికి మొక్కజొన్న కండె బిరడా. అడిగితే గ్లాసులో తెల్లటి పానీయం వంచి, పైన సన్నగా తరిగిన ఆపిలు ముక్కలు, గింజలు చల్లి ఇస్తాడు. దాని పేరు తూబా. కొబ్బరి పూగెల కోసి దించిన నీరా అది, అచ్చంగా మన కోనసీమ సరుకు. 16వ శతాబ్దంలో ఫిలిప్పీన్స్‌లోని మనీలాకీ మెక్సికోలోని అకపుల్కోకీ మధ్య స్పెయిన్ ఓడలు తిరిగేవి. ఆ ఓడల్లో వచ్చిన ఫిలిప్పీన్స్ నావికులు కొలీమా తీరంలో దిగిపోయి, కొబ్బరి తోటల్లో కల్లు గీయడం అక్కడివాళ్ళకి నేర్పారు. తమ ద్రాక్ష సారా వ్యాపారం దెబ్బతింటోందని స్పెయిన్ దొరలు 17వ శతాబ్దం మొదట్లో దాన్ని ఆపించాలని చూశారు. దొరలు పోయారు, తూబా ఉంది. కొలీమా రాష్ట్రం అక్కడికి దక్షిణాన, హలిస్కోకి ఆనుకునే ఉంటుంది. పొద్దున్న దించింది తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. ఈ సంగతి మామయ్యగారికి మీరు చెప్పాలా! పొద్దుటిదే తాగించండి, షుగరుంటే సగం గ్లాసు. గీసేది ఎలాగో, ముంత ఎక్కడ కడతారో ఆ బుర్రాయన్ని ఆయన సైగలతో అడిగేస్తారు, మీరు పక్కనుండి ఫోనులో అనువాదం చేసిపెట్టండి చాలు. "ఓడలరేవు లేదూ" అనే మాట మళ్ళీ వినిపిస్తే నాకు రాయండి.

మామిడికాయ ముక్కల మీద కారం, ఉప్పు, నిమ్మరసం జల్లి అమ్మే బండ్లు కూడా అక్కడే. మామిడి కూడా ఆ మనీలా ఓడల దారిలోనే ఆ తీరానికి చేరింది.

మలెకోన్‌కి ఒక వీధి లోపల గ్వాదలూపే మాత చర్చి. గంట గోపురం మీద పెద్ద కిరీటం ఉంటుంది, 1995 అక్టోబరు భూకంపంలో పాతది పడిపోతే మళ్ళీ చేయించి పెట్టారు. 1531లో టెపెయాక్ కొండ మీద మేరీమాత హువాన్ దియెగో అనే రైతుకి కనిపించిందని మెక్సికన్ల నమ్మకం, డిసెంబరు 12 ఆ పండగ. దానికి ముందు పదకొండు రోజులూ సాయంత్రం అయ్యేసరికి ఊళ్ళోని హోటళ్ళ పనివాళ్ళు, కొట్లవాళ్ళు, వీధులవాళ్ళు ఒక్కో జట్టుగా జెండాలు పట్టుకుని చర్చికి నడిచి వస్తారు. నెత్తిన పొడవాటి ఈకలు, కాళ్ళకి ఎండు గింజల గజ్జెలు కట్టుకుని డప్పుల మీద ఆడేవాళ్ళు ముందు నడుస్తారు. చంటిపిల్లలకి హువాన్ దియెగో వేషం వేసి, పై పెదవి మీద నల్లరంగుతో మీసం దిద్ది ఎత్తుకొస్తారు. పక్కవీధుల్లో తినుబండారాల కొట్లు. మన తిరునాళ్ళే. అత్తయ్యగారికి కుర్చీ దొరికేలా చర్చి ఎదుటి వీధిలో ఒక కాఫీ హోటలు చూసుకుని ముందే కూర్చోబెట్టండి. 12వ తేదీ రాత్రి మాత్రం కాలు పెట్టే చోటుండదు, పెద్దవాళ్ళతో కష్టం. అందుకే 11న తిరుగు ప్రయాణం అన్నాను.

ఇక తాబేళ్ళు. అక్కడ గుడ్లు పెట్టేది ఆలివ్ రిడ్లీ తాబేలు, కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్‌లోనూ మన కోస్తా పొడుగునా గుడ్లు పెట్టే జాతే. అక్కడ వర్షాకాలం నుంచి డిసెంబరు దాకా, మన దగ్గర సంక్రాంతి తర్వాత. ఒకప్పుడు మెక్సికోలో తోలు కోసం, మాంసం కోసం వీటిని లక్షల్లో చంపేవాళ్ళు. 1990లో పూర్తిగా నిషేధించారు. ఇప్పుడు రాత్రిళ్ళు తీరమంతా తిరిగి, గుడ్లు తీసి కంచె వేసిన ఇసకలో పూడ్చి, నలభై అయిదు రోజులకో ఇంకాస్త అటూ ఇటుగానో పిల్లలు బయటికొస్తే సాయంత్రం సముద్రంలోకి వదులుతారు. విమానాశ్రయం వెనక వైపు బోకా దె తొమాతెస్ తీరంలో ఇలాంటి శిబిరం ఉంది, కొన్ని హోటళ్ళూ తమ ఇసకలో ఇదే పని చేస్తాయి. చందా పెట్టె ఉంటుంది, తోచింది వెయ్యండి. ఆ రోజు పిల్లలు బయటికొచ్చాయో లేదో కనుక్కుని మరీ వెళ్ళండి.

మీవాడికి ముందే రెండు మాటలు చెప్పి తీసుకెళ్ళండి. చేతికి సన్‌స్క్రీన్ గానీ దోమల మందు గానీ ఉంటే ముట్టుకోకూడదు. ఫ్లాష్ కొట్టకూడదు. కొన్నిచోట్ల కొబ్బరిచిప్పలో ఒక్కో పిల్లని పెట్టి చేతికిస్తారు. నల్లగా, వాడి అరచేతిలో సగం కూడా ఉండదు, రెక్కల్లాంటి కాళ్ళతో చిప్పని గీరుతుంటుంది. తడి ఇసకకి కాస్త ఇవతలే చిప్ప వంచమంటారు, అంత దూరం దాన్నే నడవనివ్వాలి. నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది, మీవాడు వెనక నుంచి తోస్తానంటాడు, తొయ్యనివ్వకండి. అల వచ్చి వెనక్కి విసిరేస్తుంది, తిరగబడి మళ్ళీ బయల్దేరుతుంది. పెలికన్లు పైన కాచుకుని ఉంటాయి, అందుకే చీకటి పడేదాకా ఆగి వదులుతారు. వేలల్లో ఏ ఒక్కటో పెద్దదవుతుందంటారు. ఆ లెక్క నాలుగేళ్ళవాడికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే చెప్పను.

తిమింగలాల పడవ పొద్దుటిదే తీసుకోండి, మధ్యాహ్నానికి గాలి లేచి అల పెరుగుతుంది. హంప్‌బ్యాక్ తిమింగలాలు ఉత్తరాన చల్లటి నీళ్ళలోంచి ఈ బండెరాస్ అఖాతంలోకి ఈనడానికీ జతకట్టడానికీ వస్తాయి. చిన్న పడవ నీటికి దగ్గరగా ఉంటుంది, కానీ అల మీద పడ్డప్పుడల్లా నడుము అదురుతుంది. పెద్దవాళ్ళు వస్తున్నారు కాబట్టి మరుగుదొడ్డి, నీడ ఉన్న పెద్ద పడవే మేలు. పర్మిట్ జెండా ఉందా అని, నీళ్ళలోకి వదిలే మైకు ఉందా అని అడగండి. అది ఉంటే మగ తిమింగలాల పాట వినిపిస్తారు. డిసెంబరు రెండో వారంలో అవి ఇంకా వస్తూనే ఉంటాయి, జనవరి ఫిబ్రవరుల్లో ఉన్నన్ని ఉండవు. ఎక్కే ముందు అందరూ వాంతుల మాత్ర వేసుకోండి, ముఖ్యంగా "నాకేం కాదు" అనేవాళ్ళు.

హిడెన్ బీచ్ వదిలేయండి. అది మారియేతా దీవుల్లో పైకప్పు కూలిన గుహ. లోపలికి పోవాలంటే హెల్మెట్ పెట్టుకుని సొరంగంలోంచి ఈదాలి. రోజుకి 116 మందిని మించి పోనివ్వరు, సోమ, మంగళవారాలు అసలే లేదు. పడవలో కూర్చుంటే అది కనిపించదు. మీ స్నేహితులు చూపించిన ఫొటో ఆకాశంలోంచి డ్రోన్ తీసింది. మీ బృందంలో దాన్ని చూడగలిగేది మీవారొక్కరే, మిగతా నలుగురూ ఎండలో పడవలో కూర్చుంటారు.

దానికి బదులు ఒక పూట యెలాపా వెళ్ళండి. పాత ఊళ్ళోని లోస్ మువెర్తోస్ పియర్ (పడవల రేవు) దగ్గర నీటి టాక్సీ ఎక్కితే చాలు. అఖాతం దక్షిణపు ఒడ్డున, కొండకి కిందగా ఉన్న ఊరు. కరెంటు వచ్చింది ఈ శతాబ్దం మొదట్లోనే. ఒడ్డున ఆడవాళ్ళు నెత్తిన గిన్నెల్లో కొబ్బరి పై, నిమ్మ పై పెట్టుకుని అమ్ముతారు. గుడ్డు వేస్తారు కాబట్టి అత్తయ్యగారికి పనికిరాదు, మీరు తినండి. ఇసక ఒడ్డున దిగితే మోకాలి లోతు నీళ్ళలో దూకాలి, అందుకని ఊరి రేవులో దింపమని పడవ ఎక్కేటప్పుడే చెప్పండి. ఆఖరి పడవ ఎప్పుడో దిగీ దిగగానే అడిగి రాసుకోండి. మీవారికి కాళ్ళు దురద పెడితే ఇంకో రోజు పొద్దున్నే బోకా దె తొమాత్లాన్ దాకా సిటీ బస్సులో వెళ్ళి, అక్కణ్ణుంచి అడవి దారిన ఒడ్డు వెంబడే లాస్ ఆనిమాస్ తీరానికి నడిచి, పడవలో తిరిగి రావచ్చు. నడక రెండు మూడు గంటలు. మామయ్యగారు కూడా వస్తానంటారు. రాళ్ళూ వేళ్ళూ ఉన్న దారి, మంచి బూట్లుంటేనే.

అత్తయ్యగారి భోజనం గురించి నిజం చెప్పాలంటే, "వెజిటేరియన్" అన్న మాటని నమ్ముకోవద్దు. అక్కడ కార్నే అంటే ఎర్ర మాంసం. సిన్ కార్నే అంటే మాంసం వద్దని తలూపి, కోడి ముక్కలేసి తెస్తారు, వాళ్ళ దృష్టిలో తప్పేం లేదు. అన్నం కోడి నీళ్ళలో వండుతారు, బీన్స్ ముద్ద పందికొవ్వుతో వేపుతారు, గోధుమ రొట్టెల్లోనూ ఆ కొవ్వు పడొచ్చు. కాబట్టి విడివిడిగా చెప్పాలి: సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ వేవో, సిన్ మాంతేకా, సిన్ కాల్దో దె పోయో. మాంసం, కోడి, చేప, గుడ్డు, కొవ్వు, కోడి రసం ఏదీ లేకుండా అని. ఫోనులో స్పానిష్‌లో టైపు చేసి పెట్టుకుని చూపించండి. నిశ్చింతగా తినగలిగేవీ చాలానే ఉన్నాయి. మొక్కజొన్న రొట్టెలో చీజ్, గుమ్మడిపువ్వు పెట్టి కాల్చిన కెసాదియా. కాల్చిన పచ్చిమిరప చీలికలు. నోపాల్ అనే నాగజెముడు మట్టల కూర, కాస్త బెండకాయలా జిగురుగా ఉంటుంది. గ్వాకమోలే అనే అవకాడో పచ్చడి. ఉడకబెట్టిన కండె మీద కారం, నిమ్మకాయ, మయోనీస్ మాత్రం వద్దనండి. తెహువీనో అని మొక్కజొన్న పిండి, బెల్లం పులియబెట్టి నిమ్మ ఐసు వేసి ఇచ్చే పానీయం కూడా రుచి చూడమనండి. పచ్చళ్ళ గిన్నెలు బల్ల మీద పెడతారు. నారింజ రంగుది హబనేరో అనే ఘాటు మిరపది అయ్యుండొచ్చు, గుంటూరు కారం తిన్న ధీమాతో చెంచాడు వేసుకోవద్దని మామయ్యగారికి చెప్పండి. రాత్రికి పప్పు, చారు ఇంట్లో వండుకోండి. వంటిల్లున్న ఇల్లన్నది అందుకే.

హోటల్లో బిల్లు వాళ్ళంతట వాళ్ళు తెచ్చివ్వరు, అది మర్యాద కాదు అక్కడ. "లా క్వెంతా, పోర్ ఫవోర్" అని అడిగితేనే తెస్తారు. పది నుంచి పదిహేను శాతం టిప్పు. ఏటీఎంలో డాలర్లలోకి మార్చమంటారా అని అడిగితే వద్దని నొక్కి పెసోల్లోనే తీసుకోండి. కుళాయి నీళ్ళు తాగొద్దు, ఇంట్లో పెద్ద క్యాను ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఏ ప్లానూ పెట్టుకోకండి, బాబూ అత్తయ్యగారూ పడుకోవాలి. సముద్రంలో దిగే ముందు తీరం మీద జెండా రంగు చూడండి, ఎర్రదైతే మోకాళ్ళ దాకా కూడా వద్దు.

చివరిగా, విమానం దిగి కస్టమ్స్ దాటాక ఒక హాలు వస్తుంది. టైలు కట్టుకున్నవాళ్ళు, క్లిప్‌బోర్డులు పట్టుకున్నవాళ్ళు "ఏ హోటలు, టాక్సీ చూపిస్తాను రండి" అని చిరునవ్వుతో అడ్డం పడతారు. వాళ్ళు టాక్సీవాళ్ళు కారు, రిసార్టు గదిలో ఏటా కొన్ని రోజుల వాటా, అంటే టైమ్‌షేర్ అమ్మేవాళ్ళు. ఉచితంగా తిమింగలాల టికెట్లిస్తాం, గంటన్నర మా ప్రెజెంటేషన్ వినండి అంటారు. ఆ గంటన్నర సగం రోజు అవుతుంది. మామయ్యగారు పలకరిస్తే ఆగిపోయే మనిషిలా ఉన్నారు, ఆయన చెయ్యి పట్టుకుని మీవారిని ముందు నడవమనండి. టాక్సీ కౌంటర్లో చీటీ కొనుక్కుని ఎక్కండి. రోడ్డు మీది వంతెన దాటి అవతల ఉబర్ ఎక్కితే చవకే గానీ, సామానుతో ఆ మెట్లు అత్తయ్యగారి చేత ఎక్కించకండి.